ఆమె కలలు గీసిన చేతులు

కిందటేడు మా అమ్మాయి పురిటికని న్యూజెర్సీ వెళ్ళాను. పెట్టెలో కాయం డబ్బా, కారప్పొడి, పాత చీరలతో కుట్టించిన బొంతలు సర్దేసరికే బరువు సరిపోయింది. పుస్తకాలకి చోటు మిగల్లేదు. పాప పుట్టకముందు నెల రోజులు ఇంట్లో ఊరికే కూర్చోలేక వీధి చివరి పబ్లిక్ లైబ్రరీకి నడిచి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఆ లైబ్రరీ కింది గదిలో నెలకి రెండు శనివారాలు ఐదుగురు ఆడవాళ్ళు చేరి పాత కామిక్స్ చదువుకుంటారు. ఒకరిద్దరు తప్ప అందరూ అరవై దాటినవాళ్ళే. ఒకామె రిటైరైన నర్సు, ఒకామె అదే లైబ్రరీలో ఉద్యోగం చేసి మానేసినావిడ, ఇంకొకామె స్కూల్లో పిల్లలకి బొమ్మలు నేర్పేది. చిన్నతనంలో చదివిన పుస్తకాలని మళ్ళీ తెచ్చుకుని ఒక్కో పేజీ దగ్గర ఆగి పోట్లాడుకుంటారు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న నన్ను కూడా కూర్చోమన్నారు.

నేను ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో సాహిత్యం చెప్పినదాన్ని. నిజం చెప్పొద్దూ, సూపర్‌హీరోల బొమ్మల పుస్తకాలంటే నాకు చిన్నచూపే. బిగుతు బట్టల మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే పుస్తకాల్లో చర్చించడానికి ఏముంటుందని. కానీ ఆ రోజు వాళ్ళ చేతుల్లో ఉన్నది ఒక స్త్రీ పుస్తకం. 'వండర్ వుమన్' 300వ సంచిక. ముఖచిత్రం మీద తేదీ 1983 ఫిబ్రవరి. మా నర్సు స్నేహితురాలు అప్పట్లో కొన్న ప్రతే తెచ్చింది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి. కాగితం పసుపు రంగుకి తిరిగింది. నన్ను చూసి, ముందు చదవండి, చదివాక మీ కల ఏదో చెప్పండి, అంది. నాకు అర్థం కాలేదు. చదివితే అర్థమవుతుందన్నారు.

మనలో చాలామందికి వండర్ వుమన్ అంటే సినిమా బొమ్మ గుర్తొస్తుంది గనక కాస్త వెనక్కి వెళ్ళాలి. 1941 చివర్లో ఈ పాత్రని సృష్టించినవాడు విలియం మౌల్టన్ మార్స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. చార్లెస్ మౌల్టన్ అన్న మారుపేరుతో రాశాడు. బొమ్మలు హెచ్.జి.పీటర్‌వి. మగవాళ్ళు అడుగుపెట్టని దీవిలో రాణి హిప్పొలిటా మట్టితో ఒక పిల్లని చేస్తుంది, దేవతలు దానికి ప్రాణం పోస్తారు. ఆ పిల్లే డయానా. తండ్రి లేని పిల్ల. ఆ దీవిలో విమానం కూలి పడిన స్టీవ్ ట్రెవర్ అనే అమెరికన్ సైనికుణ్ణి కాపాడి, అతనితో పాటు మగవాళ్ళ ప్రపంచంలోకి వస్తుంది. ఎప్పటికైనా స్త్రీలే ప్రపంచాన్ని పాలిస్తారని మార్స్టన్ బాహాటంగా చెప్పేవాడు. ఆయన ఇంట్లో భార్య ఎలిజబెత్ ఉద్యోగం చేసి సంసారం నడిపితే, వాళ్ళతో కలిసి జీవించిన ఆలివ్ బర్న్ ఇద్దరి పిల్లల్నీ పెంచింది. డయానా చేతుల వెడల్పాటి కడియాలు ఆలివ్ చేతులకి ఉన్నవే. ఇదంతా 2014లో జిల్ లెపోర్ రాసిన పుస్తకం వచ్చాక లోకానికి బాగా తెలిసింది. అంటే ఆ పాత్ర వెనక మొదటినుంచీ ఆడవాళ్ళున్నారు. పుస్తకం మీద మాత్రం లేరు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. 1942లోనే మిగతా వీరులందరి సంఘం డయానాని చేర్చుకుంది. చేర్చుకుని ఇచ్చిన పదవి సెక్రటరీ. వాళ్ళు యుద్ధానికి వెళ్తే ఈమె మినిట్స్ రాసుకుంటూ కూర్చోవాలి. మన సాహిత్య సంఘాల్లో కార్యవర్గాలు చూసినవాళ్ళకి కొత్తగా ఏమీ ఉండదు.

ఇక 300వ సంచిక. రాసినవాళ్ళు రాయ్ థామస్, డాన్ థామస్, భార్యాభర్తలు. కథ పేరు 'బ్యూటిఫుల్ డ్రీమర్, డెత్ అన్‌టు దీ!'. డయానాకి పీడకలలు వస్తుంటాయి. నీడలాంటి ఒక ఆకారం ఆమెని వెంటాడుతుంటుంది. అప్పటికి రెండుసార్లు చచ్చి, రెండుసార్లూ రచయితల దయవల్ల బతికొచ్చిన స్టీవ్ ట్రెవర్‌ని పెళ్ళి చేసుకోవాలా వద్దా అన్న నలభై ఏళ్ళ ప్రశ్న కలల నిండా తిరుగుతుంటుంది. కలలకి చుట్టూ ఉన్న అసలు కథని జీన్ కోలన్ గీశాడు. లోపలి భాగాల్ని రాస్ ఆండ్రూ, జాన్ డర్సీమా, డిక్ జియోర్డానో, కీత్ గిఫెన్, కీత్ పోలార్డ్, రిచ్ బక్లర్ పంచుకున్నారు. వార్షికోత్సవం గనక అందరూ తలో చెయ్యీ వేశారన్నమాట. మీ కల ఏది అని అడగడంలో అర్థం అదీ. ఎవరి చేతిలోని డయానా మీ డయానా?

చిన్నప్పుడు మనం చందమామ తెరవగానే ఇది చిత్రా బొమ్మ, ఇది శంకర్ బొమ్మ అని పేరు చూడకుండా చెప్పేసేవాళ్ళం కదా. ఆ అలవాటు వీళ్ళకీ ఉంది. కోలన్ పెన్సిలుతో నీడలు వేసే మనిషి. ఆయన పేజీల్లో ఏదీ నిటారుగా నిలబడదు. గదులు ఒరుగుతాయి, జుట్టు పొగలా పాకుతుంది. డయానా ఎప్పుడూ పడబోతున్నట్టో, పడి లేస్తున్నట్టో ఉంటుంది. అందంగా ఉంటుంది, కాదనను. కానీ అంత బలమున్న స్త్రీకి ఒక్క పేజీలోనూ కాళ్ళ కింద నేల లేదేమిటని నాకు చిరాకేసింది. రాస్ ఆండ్రూ 1958 నుంచి చాలా ఏళ్ళు ఈ పుస్తకానికి బొమ్మలు వేసినవాడు. అవి రాబర్ట్ కానిగర్ కథల రోజులు, డయానాకి ప్రేమా పెళ్ళీ తప్ప మరో ధ్యాస లేనట్టు రాసిన రోజులు. జియోర్డానో 1968లో ఆమె శక్తులన్నీ ఊడబీకి మామూలు మనిషిని చేసినప్పుడు ఆ బొమ్మలకి ఇంకు వేసినవాడు. వాళ్ళ పేజీలు తిప్పుతుంటే ఒక్కో గీత వెనక ఆమెని ఒక్కో దశాబ్దంలో ఏం చేశారో కనిపిస్తుంది. ఈ ప్రభావం రచయితలు ఆలోచించి తెచ్చిందో, కాకతాళీయమో నాకు తెలియదు. ఏమైనా ఈ సంచికలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఒకే రాత్రిలో ఒకే స్త్రీకి ఇన్ని ముఖాలు. ఒక చోట దవడ పలచన, ఒక చోట నడుం సన్నం, ఒక చోట కళ్ళల్లో భయం. ఎవరు చూస్తే వాళ్ళకి తగ్గట్టు మారిపోయే ముఖం. పెళ్ళిచూపుల్లో కూర్చున్న ఏ ఆడపిల్లకైనా ఆ అనుభవం తెలుసు.

ఆ చిత్రకారుల్లో జాన్ డర్సీమా ఒక్కతే స్త్రీ. పేరు చూసి మగవాడనుకునేరు. అప్పుడప్పుడే ఈ రంగంలోకి వచ్చిన యువతి. మా బొమ్మల టీచరుకి ఒక ఆలోచన వచ్చింది. ఈ సంచిక చూడని మా ఇద్దరికీ, అంటే నాకూ ఇంకొకావిడకీ, పేర్లున్న చోట కాగితం అడ్డం పెట్టి ఆడమనిషి గీసిన పేజీలేవో చెప్పండి అంది. నేను చాలా ధీమాగా వేలు పెట్టి చూపించాను. తప్పు. మళ్ళీ చూపించాను. మళ్ళీ తప్పు. రెండో ఆవిడకీ అంతే అయింది.

ఆ రోజు ఇంటికి నడుస్తూ చాలాసేపు అదే ఆలోచించాను. స్త్రీల రచనలో స్త్రీల గొంతు వేరుగా వినిపిస్తుందని క్లాసుల్లో, సభల్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. ఇక్కడ కంపెనీ ఇచ్చిన పాత్ర, కంపెనీ ఇచ్చిన దుస్తులు, మరొకరు రాసిన కథ. గీసే చెయ్యి ఆడదైతే మాత్రం గీత ఎక్కడ మారుతుంది? మారకపోతే మరి ఆ పేరు ఎందుకు ముఖ్యం? ఎందుకంటే ఆ పేజీలకి డబ్బు వచ్చింది. ఆ పేరు అచ్చులో పడింది. పడింది కాబట్టి తర్వాతి పని దొరికింది. డర్సీమా ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ రంగంలో నిలబడింది, ముఖ్యంగా 'స్టార్ వార్స్' కామిక్స్‌తో. గొంతు సంగతి తర్వాత, ముందు హాజరుపట్టీలో పేరుండాలి.

పేర్ల గురించి అనుకుంటే డాన్ థామస్ దగ్గర ఆగక తప్పదు. వండర్ వుమన్ పుస్తకానికి రచయిత్రిగా పేరు పడిన మొదటి స్త్రీ ఆమే అని భర్త రాయ్ థామస్ చెప్పాడు. 1942లో మొదలైన పుస్తకం. మొదటి స్త్రీ పేరు 1983లో. అదీ భర్త పేరు పక్కన, రెండోదిగా. మా లైబ్రరీ ఆవిడ ఆయన్ని వెనకేసుకొచ్చింది. ఆయన పేరు వేయించాడు కదా, భార్య చేత రాయించుకుని పేరు మింగేసేవాళ్ళు ఎంతమంది లేరు, అంది. నిజమే. పేరు వేయించినందుకు మెచ్చుకుందాం. కానీ ఒక స్త్రీ ఆ గుమ్మం దాటడానికి నలభై ఏళ్ళ తర్వాత కూడా ఇంటిపేరు తోడు రావలసి వచ్చిందన్నది కూడా నిజమే కదా అన్నాను. పోట్లాట తేలలేదు.

ఆ 'మొదటి' అన్న మాటలో 'పేరు పడిన' అన్న ముక్క చాలా బరువైనది. జాయ్ హమ్మెల్ అనే ఆమె మార్స్టన్ దగ్గర మనస్తత్వ శాస్త్రం చదువుకున్న విద్యార్థిని. 1944లో, ఇరవయ్యేళ్ళ వయసులో, ఆయన ఆమెని పనిలో పెట్టుకున్నాడు. మార్స్టన్ జబ్బు పడ్డాక వండర్ వుమన్ కథలు పదుల కొద్దీ ఆమే రాసింది. అచ్చులో మాత్రం అన్నీ చార్లెస్ మౌల్టన్‌వే. 1947లో మార్స్టన్ చనిపోయాడు. అదే ఏడు పెళ్ళి చేసుకున్న హమ్మెల్ ఆ పని మానేసింది. పుస్తకం కానిగర్ చేతికి వెళ్ళింది. హమ్మెల్‌కి గుర్తింపుగా బిల్ ఫింగర్ అవార్డు ఇచ్చినది 2018లో. అప్పటికి ఆమె వయసు 94. 2021లో చనిపోయింది. ఆ అవార్డు పేరుగల బిల్ ఫింగర్ కూడా బ్యాట్‌మ్యాన్ కథలు రాసి పేరు దక్కక పోయినవాడే. మగవాళ్ళకి జరగలేదని కాదు. కానీ 300వ సంచిక వచ్చిన రోజున, స్త్రీ పేరు మొదటిసారి పడిందని సంతోషపడుతున్న రోజున, అంతకుముందు ఆ కథలు రాసిన స్త్రీ బతికే ఉంది. యాభై తొమ్మిదో ఏట.

ఇక్కడ నా గోల ఒకటి చెప్పుకుంటాను. 1990ల్లో ఒక సంస్థ వార్షికోత్సవ సంచిక కోసం ఎనిమిది కథలు అనువాదం చేశాను. పదిహేను రోజులు రాత్రిళ్ళు కూర్చుని. మిగతావి సరిచూశాను, ప్రూఫులు దిద్దాను. సంచిక అందంగా వచ్చింది. సంపాదకుడిగా ఒక పెద్దాయన పేరు. అనువాదకుల పేర్లు ఒక పేజీలో. అందులో నేను లేను. వెనక అట్ట లోపల కృతజ్ఞతల్లో, కాగితం సరఫరా చేసినాయన తర్వాత, 'సహకరించిన మిత్రులు' అని ఉంది. ఆ మిత్రుల్లో ఒకదాన్ని నేను. అడిగితే, అమ్మా, నువ్వు ఇంటి మనిషివి కదా, పేరేమిటి, అన్నారు. ఇంటి మనిషి! ఈ పదం పట్టుకుని తర్వాత ఎన్ని వ్యాసాలు రాసినా ఆ సంచిక ఇప్పటికీ అల్మైరాలో వెన్ను లోపలికి తిప్పి పెట్టుకుంటాను. జాయ్ హమ్మెల్ గురించి మా లైబ్రరీ ఆవిడ చెబుతుంటే నా గొంతు ఎందుకు పట్టుకుందో అందుకని చెబుతున్నాను.

ఇంకా మొరటైన ఉదాహరణ ఉంది. దొరొతీ వుల్ఫోక్ 1940ల నుంచీ కామిక్స్‌లో సంపాదకురాలిగా పనిచేసింది. 1970ల మొదట్లో కొద్దికాలం వండర్ వుమన్ పుస్తకమే ఆమె చేతిలో ఉంది. 1972లో గ్లోరియా స్టైనమ్ తదితరులు 'మిస్' పత్రిక పెట్టి తొలి సంచిక ముఖచిత్రంగా పాత వేషంలోని వండర్ వుమన్‌ని వేశారు. ఆమె శక్తులు ఆమెకి తిరిగి ఇవ్వాలని గోల పెట్టారు. ఇచ్చారు. 1973 మొదటి సంచికలో శక్తులూ, దుస్తులూ వచ్చాయి. రాసింది మళ్ళీ కానిగరే. ఆ కథ మొదట్లోనే ఒక స్త్రీ, ఒక ఆడవాళ్ళ పత్రిక సంపాదకురాలు, తుపాకి గుండుకి చచ్చిపోతుంది. ఆమె పేరు డాటీ కాటన్‌మ్యాన్. వుల్ఫోక్‌లో 'వుల్' అంటే ఉన్ని, 'ఫోక్' అంటే జనం. ఉన్ని బదులు పత్తి, జనం బదులు మనిషి, దొరొతీని ముద్దుగా పిలిస్తే డాటీ. పక్క గదిలో పనిచేసిన స్త్రీని కథలో చంపి నవ్వుకున్నారు. స్త్రీవాదులు గెలిచిన సంచిక కూడా అదే.

కనుక 300వ సంచికని నేను కోపంగానే చదివాను. ముఖ్యంగా శాండ్‌మ్యాన్ దగ్గర. కలల లోకంలో ఉండే ఒక వీరుడు. 1974లో జో సైమన్, జాక్ కర్బీ పుట్టించిన పాత్ర. ఆ లోకం నుంచి ఒక గంటకి మించి బయట ఉండలేడు. యంత్రాల ముందు కూర్చుని జనం కలల్ని తెర మీద చూస్తుంటాడు, పీడకలల నుంచి కాపాడతాడు. మంచివాడే. డయానాని కూడా కాపాడతాడు. అలా కాపాడుతూ కాపాడుతూ ఆమె మీద మనసు పడతాడు. స్త్రీ నిద్రలో ఏం చూస్తున్నదో కూడా ఒక మగవాడు తెర మీద చూస్తుంటే, దాని పేరు రక్షణ! హాస్టళ్ళలో అమ్మాయిల క్షేమం కోసమని ఏమేం చూస్తారో మనకి తెలియనిదా? ఆ సంచికకి ఇందులో ఇబ్బంది ఏమీ కనపడలేదు. అతని ఒంటరితనం మీద జాలి మాత్రం చాలా ఉంది.

నేను ఇదంతా గడగడా చెప్పేస్తే మా నర్సు స్నేహితురాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, ఆమె వద్దంటుంది కదా, అంది. అవును, శాండ్‌మ్యాన్‌కి వద్దంటుంది. స్టీవ్‌తో పెళ్ళి కూడా ఈ సంచికలో జరగదు. నర్సు చెప్పిందిది: 'ఈ పుస్తకం కొన్న వారంలో నాకు పెళ్ళి కుదిరింది. రాత్రి డ్యూటీలో చదివాను. పండగ సంచిక కదా, చివర్లో పెళ్ళి ఉంటుందనుకున్నాను. లేదు. ఇంత పండగ చేసి కూడా పెళ్ళి లేకుండా పుస్తకం ముగించొచ్చని నాకు తెలియదు. ఇది చదివి నేను పెళ్ళి మానేశానని చెబుతాననుకుంటున్నారు కదూ? లేదు, చేసుకున్నాను. కానీ నలభై ఏళ్ళుగా ఇది దాచుకున్నాను.'

ఏం చెప్పాలో నాకు తోచలేదు. నా విమర్శలో ఒక్క మాటా తప్పని ఇప్పటికీ అనుకోను. అయితే ఒక కంపెనీ, తన సరుకు అమ్ముకోవడానికి, ఎక్కువమంది మగవాళ్ళ చేత గీయించిన పుస్తకంలో ఒక ఇరవై నాలుగేళ్ళ పిల్ల తనకి కావలసిన ఒకే ఒక్క ఖాళీని ఏరుకుంది. పెళ్ళి జరగకపోవడం అన్న ఖాళీ. అది వాళ్ళు పెట్టింది కాదు. వాళ్ళకి పెళ్ళి చేస్తే పుస్తకం ఆగిపోతుందని భయం, అంతే. నిజంగానే 1986లో 329వ సంచికలో స్టీవ్‌తో పెళ్ళి చేశారు, ఆ పుస్తకం అక్కడితో ఆపేశారు.

తర్వాతి పండగ సంచికలు కూడా ఆ గదిలో చూశాను. మధ్యలో అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టిన కంపెనీ, పాత లెక్క కొనసాగించాలని పాఠకులు కోరితే, 600 పోస్టుకార్డులు వస్తే చూద్దామంది. అంతకన్నా ఎక్కువే వచ్చాయి. అలా 2010లో 600వ సంచిక వచ్చింది. మా బొమ్మల టీచరు తను కూడా కార్డు రాశానని గర్వంగా చెప్పింది. 2020 జనవరిలో వచ్చిన 750వ సంచికలో గెయిల్ సిమోన్, మరికో తమాకి, కామీ గార్సియా, షానన్ హేల్, మార్గరీట్ బెనెట్ రచయిత్రులు. కొలీన్ డోరన్, నికొలా స్కాట్, ఎలెనా కాసగ్రాండే, లారా బ్రాగా చిత్రకారిణులు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. సంతోషమే. కానీ పుస్తకంగా 750 నాకు అంత నచ్చలేదు. ప్రతి కథలోనూ డయానా దయగలది, ధైర్యం గలది, అందరికీ ఆదర్శం. ఒక్కరూ ఆమెకి పీడకల రానివ్వలేదు. సన్మాన సభలా ఉంది. గౌరవం ఎక్కువైన చోట కథ పలచబడుతుందని మన అభినందన సంచికలు సంపాదకత్వం వహించినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 300లో అపశ్రుతులు ఎన్నున్నా ఆ స్త్రీకి ఒక లోపల ఉంది.

ఆ లోపల్లోదే నేను ఇంకా చెప్పని పాత్ర. ఆ కథల ప్రపంచంలో మరో భూమి ఉంటుంది, అక్కడ మరో డయానా. వయసు మళ్ళిన డయానా. స్టీవ్‌ని చేసుకుంది, ఒక కూతురుంది. ఆ కూతురు లైటా మొదటిసారి కనిపించింది ఈ 300లోనే. రాయ్, డాన్ థామస్‌లూ రాస్ ఆండ్రూ కలిసి పుట్టించిన పిల్ల. పూర్తి పేరు హిప్పొలిటా. మనలో అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టుకున్నట్టే. మట్టిబొమ్మగా మొదలైన వంశానికి మూడో తరం. స్త్రీల నుంచి స్త్రీలకి వచ్చిన పేరు, బలం. ఆ పేజీలు చూస్తున్నప్పుడు మా అమ్మాయి నెలలు నిండి ఉంది. నా కల ఏదని మళ్ళీ అడిగితే, అది కల కాకపోయినా, ఈ పేజీలే నావి అన్నాను.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు తర్వాతి కథ తెలియదు. 1985-86లో కంపెనీ తన కథల్లోని అనేక భూముల చిక్కు విప్పడానికని అన్నిటినీ ఒకటి చేసింది. దాంతో ఆ రెండో భూమి లేదు, ఆ పెద్ద డయానా లేదు. కూతురు మాత్రం మిగిలింది. తల్లి లేకుండా కూతురెలా? 1987లో మరో స్త్రీని పుట్టించి, ఆమే లైటా కన్నతల్లి అన్నారు. ఆ మార్పు రాసింది కూడా రాయ్, డాన్ థామస్‌లే. వేరే దారి లేక రాశారు, పాపం. తన పేరు పడిన మొదటి వండర్ వుమన్ కథలో తను పుట్టించిన పిల్లకి, తన చేత్తోనే తల్లి పేరు కొట్టేసి మరో పేరు రాయవలసి వచ్చింది డాన్ థామస్‌కి. ఆమె ఏమనుకుందో ఎవరైనా అడిగారా?

అక్కడితో ఆగలేదు. నీల్ గైమన్ రాసిన కొత్త 'శాండ్‌మ్యాన్' 1989లో మొదలైంది. అందులో లైటా గర్భంతో కలల్లో చిక్కుకుంటుంది. భర్తని పోగొట్టుకుంటుంది. పుట్టబోయే బిడ్డ నాది అని కలల రాజు చెప్పి వెళ్తాడు. తర్వాత ఆ పసివాణ్ణి ఎత్తుకుపోతే, చంపేశారనుకుని ఆమె పిచ్చిదై ఆ రాజ్యాన్ని కూలుస్తుంది. చాలామంది గొప్ప రచన అంటారు. చదివాను, రచనలో బలం ఉంది. 2024 నుంచి ఆ రచయిత మీద పలువురు స్త్రీలు లైంగిక దాడి ఆరోపణలు చేశారు, ఇష్టం లేకుండా ఎవరితోనూ ప్రవర్తించలేదని ఆయన అన్నాడు. ఆ పుస్తకాన్ని ఇప్పుడు ఎలా చదవాలన్న దానిమీద మా గదిలో రెండు శనివారాలు గడిచాయి. ఒకామె తన ప్రతులన్నీ అమ్మేసింది. లైబ్రరీ ఆవిడ అమ్మలేదు, లైటాని అక్కడ ఒంటరిగా వదిలేసి రాలేనంది. నాకు మాత్రం ఆ పుస్తకంలో ఒక్కటే వెలితి కొడుతుంది. అంత దుఃఖంలో లైటా దిక్కులేక వీధుల్లో తిరుగుతుంటే, ఆమెకి ఒక అమ్మ ఉండేదనీ, ఆ అమ్మ వండర్ వుమన్ అనీ ఆ పుస్తకంలో ఎవరికీ తెలియదు. 300వ సంచిక దాచుకున్న పాఠకులకి తప్ప.

పాప పుట్టాక నెల తిరక్కుండానే మా నర్సు స్నేహితురాలు ఇంటికొచ్చింది. పాపకి ఊలు టోపీ తెచ్చింది. తన ప్రతి కాదు గానీ మరో పాత ప్రతి సంపాదించి నాకిచ్చింది. ఆ రాత్రి రెండింటికి అమ్మాయి పాలిస్తూ, నిద్ర పట్టక, పక్కనున్న ఆ పుస్తకం తిరగేస్తోంది. నేను కాయం ఉండ చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. ఆండ్రూ గీసిన పేజీలు వచ్చాయి. తల్లీ కూతుళ్ళు.

'అమ్మా, ఈ పిల్ల భలే ఉందే. తర్వాత ఏమవుతుంది దీనికి?' అంది.

'ముందు ఈ ఉండ మింగు,' అన్నాను. 'రేపు చెబుతాలే.'